సైటెంత, చూపెంత: కంటి పరీక్షలో అంకెలు చెప్పేవీ చెప్పనివీ

‘సైటెంత?’ అని అడిగితే కళ్లజోడు పెట్టుకునేవాళ్లలో చాలామంది తడుముకోకుండా ‘మైనస్ నాలుగు’ అనో ‘ఒకటిన్నర’ అనో చెప్పేస్తారు. ‘మరి చూపెంత?’ అంటే ఆలోచనలో పడతారు. రెండూ ఒకటే అనుకోవడం వల్లనే కంటి విషయంలో సగం అయోమయం పుడుతోంది. సైటు అద్దానికి సంబంధించిన అంకె. కంటి ముందు ఎంత శక్తి ఉన్న లెన్సు పెడితే వెలుగు సరిగ్గా కంటి వెనకనున్న రెటీనా పొర మీద కుదురుకుంటుందో అది చెబుతుంది. చూపు ఆ అద్దం పెట్టాక మొదలయ్యే లెక్క. కన్ను, నరం, మెదడు కలిసి ఎంత సన్నని వివరాన్ని పట్టుకోగలుగుతున్నాయన్నది అందులో తేలుతుంది.

మైనస్ 8 ఉన్న మనిషి కళ్లజోడు పెట్టుకుని చార్టులో చివరి వరుస దాకా చదివేయవచ్చు. ప్లస్ అర మాత్రమే ఉన్న మరో మనిషికి ఎన్ని అద్దాలు మార్చినా పై రెండు వరుసలు దాటి కనిపించకపోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడేది మాత్రం సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్న మొదటి మనిషిని చూసి.

గోడ మీది అక్షరాల లెక్క

ఇప్పటికీ ఎక్కువ చోట్ల గోడకు వేలాడే చార్టు నెదర్లాండ్స్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో తయారు చేసినదాని వారసత్వమే. దాని సూత్రం సులువు. ఒక్కో అక్షరం అయిదు గళ్ల ఎత్తు, అయిదు గళ్ల వెడల్పు. 6/6 వరుసలోని అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చూస్తే మొత్తం ఎత్తు కంటి దగ్గర 5 నిమిషాల కోణం చేస్తుంది, అందులోని ఒక్కో గీత మందం 1 నిమిషం. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే ఆ అక్షరం ఎత్తు సుమారు 8.7. అన్నిటికన్నా పైనున్న 6/60 అక్షరం సరిగ్గా దానికి పది రెట్లు, 87 మిల్లీమీటర్లు.

6/18 అంటే సాధారణ కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్లకు వస్తేగాని చదవలేకపోతోందని. ‘మూడో వంతు చూపు మిగిలింది’ అని దీనికి అర్థం కాదు. అడుగుల్లో కొలిచే చోట 6/6నే 20/20 అంటారు. అది గరిష్ఠం కూడా కాదు. ఆరోగ్యంగా ఉన్న కుర్ర కళ్లు 6/5, 6/4 వరుసలు కూడా చదివేస్తాయి. అందువల్ల మొన్నటి దాకా 6/4 చదివి ఇవాళ 6/6 దగ్గర ఆగిన కన్ను ‘నార్మల్’ అనిపించుకుంటూనే కొంత పోగొట్టుకుని ఉండవచ్చు.

గదిలో 6 మీటర్లు లేకపోతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి, అందులో చార్టు ప్రతిబింబాన్ని చదివిస్తారు. దూరం తగ్గించి నేరుగా చదివించాలంటే అక్షరాల సైజు కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. ఫోన్‌లో చార్టు బొమ్మ తెరిచి ఇంట్లో చేసుకునే పరీక్షలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. తెర మీద అక్షరం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవకుండా ఎంత దూరం నుంచి చదివినా ఆ అంకెకు విలువ లేదు.

సరైన గదిలో, సరైన చార్టుతో చేసినా ఫలితం తప్పే దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా మామూలుగా జరిగేది కళ్లు చికిలించడం. రెప్పల మధ్య సన్నని సందు చెదిరిన కిరణాలను అడ్డుకుని ఒకటి రెండు వరుసలు అదనంగా చదివిస్తుంది. రెండోది వేళ్లతో కన్ను మూసుకోవడం. వేళ్ల సందుల్లోంచి కనిపిస్తుంది, లేదంటే గట్టిగా నొక్కడం వల్ల ఆ కన్ను తెరిచిన కాసేపటి దాకా మసకగా ఉంటుంది. గుంట చేసిన అరచేతితోనో, చార్టుతో పాటు ఉండే మూతతోనో మూయాలి. మూడోది, కుడి కంటితో చదివిన వరుస ఎడమ కంటి వంతు వచ్చేసరికి కంఠతా వచ్చేయడం. ఇక ఊహించి చెప్పే విషయం. ‘కనిపించట్లేదు’ అని ముందే ఆగిపోయే మనిషికీ, తప్పైనా సరే చెప్పి చూసే మనిషికీ ఒకే కంటి చూపు రెండు వరుసల తేడాతో నమోదు కావచ్చు. ఊహించడం మోసం కాదు. అక్షరం లీలగానైనా అందితే చెప్పాల్సిందే, తప్పులు ఎన్ని వస్తే ఆపాలన్నది పరీక్షించేవాళ్లు చూసుకుంటారు. ప్రతి వరుసలోనూ ఎడమ వైపు అక్షరాలే వదిలేసి చదువుతుంటే అది పరాకు కాకపోవచ్చు. చూపు క్షేత్రంలో, అంటే సూటిగా చూస్తున్నప్పుడు చుట్టూ కనిపించే మేరలో, ఒక పక్క పోయినప్పుడు ఇలాగే జరుగుతుంది. అనుభవమున్నవాళ్లు ఎన్ని అక్షరాలు చదివారన్నదానితో పాటు ఏవి వదిలేశారో కూడా గమనిస్తారు.

స్నెల్లెన్ చార్టుకు పెద్ద లోపమే ఉంది. పై వరుసలో ఒక్కటే అక్షరం, కింద ఏడెనిమిది. 60 నుంచి 36కు, 24 నుంచి 18కి, 9 నుంచి 6కు దిగే మెట్లు సమానం కావు. చూపు బాగున్నవాళ్లకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. తక్కువున్నవాళ్లకే అన్యాయం. మార్పు కనిపెట్టాల్సిన చోట అక్షరాలే తక్కువ. 1976లో ఆస్ట్రేలియాలో ఇయాన్ బెయిలీ, జాన్ లవీ తయారు చేసిన లాగ్‌మార్ పద్ధతి చార్టు దీన్ని సరిచేసింది. ప్రతి వరుసలో అయిదు అక్షరాలు, వరుసకు 0.1, అక్షరానికి 0.02. ఇందులో 0.0 అంటే 6/6, 0.3 అంటే 6/12, 1.0 అంటే 6/60. అంకె పెరిగిన కొద్దీ చూపు తగ్గుతున్నట్టు. మార్కుల కాగితం చదివే అలవాటుతో దీన్ని తిరగేసి అర్థం చేసుకునేవాళ్లు చాలామంది.

పై అక్షరం కూడా కనిపించకపోతే వెంటనే ‘వేళ్లు లెక్కపెట్టగలరు’ అని రాసేయడం ఒక చెడ్డ అలవాటు. చార్టును 3 మీటర్లకు, 2 మీటర్లకు, 1 మీటరుకు దగ్గరగా తెస్తే 3/60, 2/60, 1/60 అని కొలత దొరుకుతుంది. ఆ మెట్ల మధ్య బతుకులో నిజమైన తేడా ఉంది. 3/60 ఉన్న మనిషికి సరైన భూతద్దంతో అచ్చు చదివే ఆశ ఉంటుంది. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గీత పడేదీ ఇక్కడే. 6/12 కన్నా తక్కువైతే స్వల్ప లోపం, 6/18 కన్నా తక్కువైతే మధ్యస్థం, 6/60 కన్నా తక్కువైతే తీవ్రం, 3/60 కన్నా తక్కువైతే అంధత్వం. కొలిచే తీరులో బద్ధకం చేస్తే మనిషి వర్గమే మారిపోతుంది.

చిన్న రంధ్రం

చార్టు చదివించాక చేసే పరీక్షల్లో అన్నిటికన్నా చౌకైనదీ ఎక్కువ చెప్పేదీ పిన్‌హోల్. నల్లటి మూతకు సుమారు 1.2 మిల్లీమీటర్ల రంధ్రం, అంతే. దాని గుండా చూసినప్పుడు చదివే వరుసలు పెరిగితే సమస్యలో చాలా భాగం సైటుదే, అద్దం మారిస్తే సర్దుకుంటుంది. పెరగకపోతే శుక్లమో, రెటీనానో, నరమో చూడాలి. రంధ్రంలోంచి చూస్తే ఇంకా తగ్గిందంటే రెటీనా నడి భాగం దెబ్బతిని ఉండవచ్చు, లేదా కంటిలోని లెన్సు మధ్యలో మచ్చ ఉండవచ్చు. మూడు నాలుగు సార్లు అద్దాలు మార్చినా తృప్తి లేని మనిషి ‘పిన్‌హోల్‌తో ఎంత వచ్చింది?’ అని అడిగితే చాలు, సంభాషణ సరైన దారిలో పడుతుంది.

ఒకటా, రెండా?

గడ్డం ఆనించి బెలూను బొమ్మో, ఇంటి బొమ్మో చూడమనే యంత్రం ఇచ్చే అంకెలు మొదలుపెట్టడానికి పనికొస్తాయి, అంతకు మించి కాదు. యంత్రంలోకి తొంగి చూసే కన్ను, అందులోని బొమ్మ దగ్గరే ఉందనుకుని తనంతట తాను బిగుసుకుంటుంది. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఆ బిగింపు లెక్కలోకి చేరి లేని మైనస్ కనిపిస్తుంది, లేదా ఉన్న ప్లస్ దాక్కుంటుంది. అందుకే పిల్లలకు సైక్లోపెంటోలేటో, అట్రోపినో చుక్కలు వేసి, బిగించే కండరాన్ని సడలించి అప్పుడు కొలుస్తారు. మొదటి మందు ప్రభావం దాదాపు ఒక రోజు ఉంటుంది, రెండోది వారం పైనే ఉండవచ్చు. ఆ రోజుల్లో బడిలో రాసే పని ఉందేమో ముందే చూసుకోవడం మంచిది.

యంత్రం తర్వాత మనిషితో మాట్లాడుతూ సరిచేసే దశ వస్తుంది. ‘ఇది బాగుందా, అది బాగుందా?’ అని అడుగుతున్నప్పుడు తప్పు చెబుతామేమోనని చాలామంది కంగారుపడతారు. ‘రెండూ ఒకేలా ఉన్నాయి’ అన్నది పూర్తిగా సరైన జవాబు. నిజానికి సిలిండర్ పవర్, అంటే ఒక దిశలోనే పనిచేసే పవర్, తేల్చే క్రాస్ సిలిండర్ పరీక్షలో ఆ జవాబు కోసమే ఎదురుచూస్తారు, అది వస్తే పని అయినట్టు. జాగ్రత్తపడాల్సింది మరో చోట. మైనస్ అవసరానికి మించి పెంచితే అక్షరాలు చిన్నవై, నల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ఆ నలుపును చూసి ‘ఇదే బాగుంది’ అంటారు. అదనంగా ఒక్క అక్షరమైనా చదవగలిగితేనే మైనస్ పెంచాలన్నది పాత నియమం. ఎరుపు, ఆకుపచ్చ నేపథ్యాల మీద అక్షరాలు చూపించేదీ ఇందుకే. ఎరుపు వైపు స్పష్టంగా ఉంటే ఇంకొంచెం మైనస్ పడుతుంది, ఆకుపచ్చ వైపు స్పష్టంగా ఉంటే మైనస్ ఎక్కువైంది. రంగులు పోల్చుకోలేనివాళ్లు కూడా ‘కుడి పక్క, ఎడమ పక్క’ అని చెబితే సరిపోతుంది, ఎందుకంటే తేడా కిరణాలు కుదిరే చోటులో ఉంది, రంగు గుర్తించడంలో లేదు.

చూపు బాగా తక్కువున్నవాళ్లకు మాత్రం ఈ పద్ధతంతా మార్చి చేయాలి. 6/60 చూపున్న కంటికి పావు డయాప్టర్ (లెన్సు శక్తిని కొలిచే ప్రమాణం) తేడా అస్సలు తెలియదు. ఒక డయాప్టర్ అటు, ఒక డయాప్టర్ ఇటు మార్చి అడిగితేనే తేడా తెలుస్తుంది. పావులూ అరలూ మారుస్తూ అడిగి ‘తేడా లేదంటున్నారు, అద్దాలతో లాభం లేదు’ అని తేల్చేసిన చీటీల వెనక కొన్నిసార్లు మూడు నాలుగు డయాప్టర్ల సైటు మిగిలిపోయి ఉంటుంది. తల బిగించి చూడాల్సిన పెద్ద యంత్రం కన్నా ముక్కు మీద పెట్టే ట్రయల్ ఫ్రేమ్ వీళ్లకు నయం. తల తిప్పుకుని, చూపు మిగిలిన మూల నుంచి చూసే వీలుంటుంది. కళ్లు అదురుతుండేవాళ్లకు ఒక కన్ను పూర్తిగా మూస్తే కొందరిలో అదురు ఇంకా పెరిగి చూపు అబద్ధంగా పడిపోతుంది. మూయకుండా ఆ కంటికి ఎక్కువ ప్లస్ లెన్సు పెట్టి మసక చేయడం సరైన దారి.

పరీక్షకు వెళ్లేటప్పుడు పాత కళ్లజోళ్లు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉండాలి. ఇంకొకటి ఎక్కువమందికి తట్టదు: పనిచేసే దూరాలు టేపుతో కొలిచి రాసుకోవడం. నలభై దాటాక వచ్చే చత్వారానికి ఇచ్చే అద్దం దూరాన్ని బట్టే ఉంటుంది. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి కంటికి మొత్తం 2.50 డయాప్టర్లు కావాలి, 66 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటరుకు 1.50 చాలు. కన్ను తనవంతుగా ఎంత ఇవ్వగలదో చూసి, మిగతాది అద్దం ఇస్తుంది. ‘చదవడానికి బాగుంది, కంప్యూటరే మసక’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. ఆ దూరం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కొన్ని రోజుల్లో పరీక్ష చేయించుకోకపోవడమే మేలు. షుగరు బాగా ఎక్కువై ఉన్నప్పుడు, లేదా మందు మొదలుపెట్టి అది గబగబా దిగుతున్నప్పుడు కంటిలోని లెన్సు ఉబ్బి సైటు కొన్ని వారాల పాటు మారుతూనే ఉంటుంది. అప్పుడు చేయించిన కళ్లజోడు నెల తిరిగేసరికి పనికిరాకుండా పోతుంది. కాంటాక్ట్ లెన్సులు నల్లగుడ్డు ఆకారాన్ని మారుస్తాయి కాబట్టి మెత్తనివైతే కొన్ని రోజులు, గట్టివైతే ఇంకా ఎక్కువ రోజులు తీసి ఉంచాలి. శుక్లం ఆపరేషన్ తర్వాత అద్దాలకు ఇన్ని వారాలు ఆగమని చెప్పేదీ గాయం మాని పవర్ స్థిరపడాలనే.

చీటీ నుంచి ముక్కు దాకా

చీటీలో −2.25 / −0.75 × 170 అని ఉంటే మొదటిది అన్ని దిశల్లో ఒకేలా పనిచేసే స్ఫెరికల్ పవర్, రెండోది సిలిండర్, మూడోది ఆ సిలిండర్ నిలిచే కోణం. ఇదే కంటికి మరో చోట −3.00 / +0.75 × 80 అని రాస్తే ఒక్క ఏడాదిలో మూడుకు పెరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. రెండూ ఒకే అద్దం. మొదటి రెండు అంకెలు కలిపి, సిలిండర్ గుర్తు తిరగేసి, కోణాన్ని 90 డిగ్రీలు మారిస్తే ఒకటి రెండోదవుతుంది. నిజంగా కంగారుపడాల్సింది సిలిండర్ ఏటా పెరుగుతూ, కోణం కూడా స్థిరంగా ఉండనప్పుడు. యుక్తవయసులో, కళ్లు నులుముకునే అలవాటున్నవాళ్లలో అది కెరటోకోనస్ కావచ్చు. నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకు వచ్చే జబ్బు అది. మామూలు అద్దంతో దాన్ని సరిచేయడం కుదరదు. నల్లగుడ్డు ఉపరితలాన్ని మ్యాపు తీసి చూడాలి.

చీటీ సరిగ్గా ఉన్నా కళ్లజోడు తప్పవచ్చు. కంటిపాపల మధ్య దూరం కొలిచి, లెన్సు నడి బిందువు సరిగ్గా పాప ఎదురుగా వచ్చేలా బిగించాలి. 6 డయాప్టర్ల అద్దంలో ఆ బిందువు 5 మిల్లీమీటర్లు పక్కకు పోతే వెలుగు దారిలో 3 ప్రిజం డయాప్టర్ల వంపు పుడుతుంది. కళ్లు రోజంతా దాన్ని సరిదిద్దుకుంటూ అలసిపోతాయి, సాయంత్రానికి తలనొప్పి. ఒక డయాప్టర్ అద్దంలో అదే పొరపాటు ఎవరికీ తెలియదు. సిలిండర్ కోణంలో 10 డిగ్రీల తప్పు ఉంటే సిలిండర్ విలువలో మూడో వంతుకు పైగా సరికాకుండా మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తప్పితే అద్దం పెట్టి లాభమే లేదు.

కంటికీ అద్దానికీ మధ్య ఎడం కూడా లెక్కలోకి వస్తుంది. 12 మిల్లీమీటర్ల దూరంలో −10 ఉన్న అద్దం కాంటాక్ట్ లెన్సుగా మారితే సుమారు −9 చాలు. నాలుగు లోపు పవర్లలో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. పెద్దవాళ్లు చదివేటప్పుడు కళ్లజోడును ముక్కు చివరికి జార్చుకోవడం ఊరికే కాదు. ప్లస్ అద్దం కంటికి దూరమైతే దాని బలం పెరుగుతుంది, మైనస్ అద్దం దూరమైతే తగ్గుతుంది. దగ్గరి చూపుకు రెండూ మేలే చేస్తాయి. ఇంట్లో ఎవరైనా కొత్తగా ఇలా జారుస్తున్నారంటే చత్వారం ఒక మెట్టు ఎక్కిందని అర్థం.

మైనస్ ఎక్కువున్నవాళ్లు అద్దం పలచగా ఉండాలని ఎక్కువ ఇండెక్స్ (వెలుగును ఎక్కువగా వంచే పదార్థం) లెన్సుల మీద ఖర్చు పెడతారు. 1.5కు బదులు 1.67, 1.74 తీసుకుంటే పలచబడే మాట నిజమే. అయితే అంచు మందాన్ని ఫ్రేమ్ వెడల్పు ఇంకా ఎక్కువగా నిర్ణయిస్తుంది. పెద్ద ఫ్రేమ్‌లో ఖరీదైన లెన్సు కన్నా, కన్ను సరిగ్గా నడిమికి వచ్చే చిన్న గుండ్రటి ఫ్రేమ్‌లో మధ్యరకం లెన్సు పలచగా కుదరవచ్చు.

కొత్త కళ్లజోడులో నేల ఒరిగినట్టు, మెట్లు దగ్గరైనట్టు అనిపిస్తే వారం పది రోజులు చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోతే వెతకాల్సిన వరుస ఇది: ముందు అద్దం పవర్ కొలిచే లెన్సోమీటరులో పెట్టి చీటీతో పోల్చడం, తర్వాత నడి బిందువులు, తర్వాత ఫ్రేమ్ ఒరుగు, ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కంటి పరీక్ష మళ్లీ. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి కొత్త చీటీ మీద మళ్లీ పాత పొరపాటే చేయించుకుంటారు.

6/6 వెనక దాక్కునేవి

నీటికాసులు (గ్లకోమా) చూపు క్షేత్రాన్ని అంచుల నుంచి తినేసుకుంటూ వస్తుంది. నడిమి చూపు చాలాకాలం చెక్కుచెదరదు కాబట్టి సగం క్షేత్రం పోయిన మనిషి కూడా 6/6 చదివి ఇంటికి వెళ్లగలడు. కంటి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటే మామూలే అంటారు, కానీ ఆ హద్దులోనే ఉండి నరం దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. ఒత్తిడి, కంటి నరం మొదటి భాగం, క్షేత్ర పరీక్ష మూడూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. షుగరు వల్ల రెటీనాలో వచ్చే మార్పులు కూడా మొదట్లో చార్టుకు అందవు. కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి లోపల చూడాలి. ఆ తర్వాత కొన్ని గంటలు వెలుగు గుచ్చుకుంటుంది, దగ్గరివి మసకగా ఉంటాయి. బండి నడిపి ఇంటికి వెళ్లే ఆలోచన వద్దు.

పిల్లల్లో దాక్కునేది మందదృష్టి. ఒక కంటి సైటు ఎక్కువగా ఉంటే మెదడు ఆ కన్ను పంపే మసక బొమ్మను పక్కన పెట్టేస్తుంది. రెండో కన్ను బాగా చూస్తుంది కాబట్టి పిల్లలు ఫిర్యాదు చేయరు. ఒక్కొక్క కన్నూ మూసి చూస్తేనే బయటపడుతుంది. అక్షరాలు విడివిడిగా చూపిస్తే ఆ కన్ను బాగానే చదివి, వరుసగా చూపిస్తే తడబడటం దీని గుర్తు. అందుకే పిల్లలకు ఒంటి అక్షరాల కార్డులతో సరిపెట్టకూడదు. ఏడెనిమిదేళ్ల లోపు అద్దాలూ, మంచి కంటికి రోజుకు కొన్ని గంటల పట్టీ మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. తర్వాత కూడా కొంత రావచ్చు, కానీ శ్రమ ఎక్కువ, రాబడి తక్కువ.

మైనస్ బాగా ఎక్కువున్న కనుగుడ్డు పొడవుగా సాగి ఉంటుంది, లోపలి రెటీనా పలచబడుతుంది. లేజర్‌తో సైటు తీసేసినా ఆ పొడవు అలాగే ఉంటుంది. కళ్లజోడు పోయిందని రెటీనా పరీక్షలు మానేస్తే అసలుకే మోసం. ఉన్నట్టుండి మెరుపులు, నల్లని చుక్కల జల్లు, పక్క నుంచి తెర కమ్ముకొస్తున్నట్టు అనిపిస్తే అదే రోజు వైద్యుల దగ్గర ఉండాలి. నొప్పి లేకుండా ఒక్కసారిగా చూపు పోయినా, ఎర్రబడ్డ కంట్లో విపరీతమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కలిసి వచ్చినా అంతే.

అద్దాలు ఇక చాలవన్నప్పుడు

‘ఇంతకన్నా అద్దాలు లేవు’ అన్న మాటతో చాలామందికి కంటి వైద్యం అక్కడితో అయిపోతుంది. అసలు పని మొదలవ్వాల్సింది అక్కడే. ఎంత పెద్దది చేసి చూపిస్తే చదవగలరన్నది చిన్న లెక్క. వార్తాపత్రిక అచ్చు సుమారు 1ఎం కొలత, అంటే అక్షరం ఎత్తు మిల్లీమీటరున్నర లోపే. 40 సెంటీమీటర్ల దూరంలో ఒకరు 4ఎం అచ్చు మాత్రమే చదవగలిగితే వాళ్లకు 4 రెట్లు కావాలి. 40ని 4తో భాగిస్తే 10 సెంటీమీటర్లు, ఆ దూరానికి +10 డయాప్టర్లు. అయితే అది ఒక్కో అక్షరం కూడబలుక్కోవడానికి మాత్రమే సరిపోతుంది. సాఫీగా చదవాలంటే హద్దుకు రెట్టింపు సైజు ఉండాలి, అంటే 5 సెంటీమీటర్లు, +20. పుస్తకం ముక్కుకు తగులుతుంది, తల నీడ కాగితం మీద పడుతుంది, చేతులు నొప్పెడతాయి. లెక్క సరిగ్గా ఉన్నా ఇంటికి తీసుకెళ్లిన భూతద్దం సొరుగులో పడి ఉండటానికి కారణాలు ఇవే. ఆ మెట్టు దగ్గర దీపం బిగించి కాగితం మీద నిలబెట్టే స్టాండు భూతద్దమో, తెర మీద పెద్దది చేసి చూపే వీడియో పరికరమో మేలు.

భూతద్దం ఎంత పెద్దదైతే అంత బాగా కనిపిస్తుందని నమ్మి వెడల్పైనది కొంటారు. బలం పెరిగిన కొద్దీ అద్దం వంపు పెరుగుతుంది కాబట్టి బలమైన భూతద్దాలు చిన్నవిగానే ఉంటాయి. ఎక్కువ అక్షరాలు ఒకేసారి కనిపించాలంటే అద్దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, కాగితాన్ని దాని దగ్గరికి తేవాలి. చేయి చాచి పట్టుకుంటే రెండు అక్షరాలకు మించి పట్టవు.

−10 ఉన్నవాళ్లకు ఒక సొంత భూతద్దం ఉంది. కళ్లజోడు తీసేస్తే 10 సెంటీమీటర్ల దగ్గర అచ్చు స్పష్టంగా, పెద్దగా కనిపిస్తుంది. ‘అద్దాలు పెట్టుకుని చదువు’ అని గదమాయించడం వాళ్లకున్న మంచి సాధనాన్ని లాక్కోవడమే. చూపు తక్కువున్న పిల్లలు పుస్తకం దగ్గరగా పెట్టుకుంటే కళ్లు పాడవవు. దూరం సగం చేస్తే అక్షరం రెట్టింపు అవుతుంది, వాళ్లు ఆ లెక్కనే వాడుకుంటున్నారు.

భూతద్దం కన్నా ముందు దీపం సంగతి చూసుకోవాలి. 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న టేబుల్ ల్యాంపును 30కి దించితే కాగితం మీద పడే వెలుగు నాలుగు రెట్లవుతుంది, బల్బు మార్చనక్కర్లేదు. దీపం మెరుగ్గా చూసే కంటి పక్క నుంచి రావాలి, గూడు కళ్ల కన్నా కిందికి ఉండాలి. అల్బినిజం (పుట్టుకతోనే ఒంటికీ కంటికీ రంగు తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు, రెటీనాలో పగటి చూపు కణాలు దెబ్బతిన్నవాళ్లకు, లెన్సు నడిమిన మచ్చ ఉన్నవాళ్లకు ఇదంతా తలకిందులు. వెలుగు పెరిగితే చూపు తగ్గుతుంది. అంచున్న టోపీ, రంగు అద్దాలు వాళ్లకు కావాలి. ఎవరికి ఏది పనికొస్తుందో కూర్చోబెట్టి దీపం జరిపి చూస్తేనే తెలుస్తుంది.

రంగుల వ్యత్యాసం ఖర్చు లేని మందు. నల్లని అట్టకు ఒక వరుస పట్టేంత సందు కోసి పేజీ మీద పెడితే పక్క వరుసల తెల్లదనం కంటిని కమ్మదు, వరుస తప్పదు. పాలు ముదురు రంగు కప్పులో, కాఫీ తెల్ల కప్పులో పోసుకుంటే అంచు తెలుస్తుంది. ప్రతి మెట్టు అంచునా పసుపుపచ్చని పట్టీ అంటించాలి. వీలుకాకపోతే మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ తప్పనిసరి. పడేది ఎక్కువగా అక్కడే, మెట్లు అయిపోయాయని అనుకునే చోట. చార్టులో ఒకే వరుస చదివే ఇద్దరిలో ఒకరు ధైర్యంగా నడిచి మరొకరు గోడ పట్టుకుంటున్నారంటే లేత రంగులను వేరు చేసే శక్తిలో తేడా ఉండవచ్చు. సైజు మారకుండా క్రమంగా పాలిపోయే అక్షరాలున్న పెల్లి రాబ్సన్ చార్టు దాన్నే కొలుస్తుంది. ఆ పరీక్ష అడిగి చేయించుకోవాల్సి రావడం విచారకరమే, కానీ అడగదగ్గదే.

రెటీనా నడిమి భాగం పోయినవాళ్లకు సూటిగా చూసినదే మాయమవుతుంది. ఎదుటి మనిషి ముక్కును గడియారం నడిబిందువుగా ఊహించుకుని 12 వైపు, 1 వైపు, 2 వైపు ఇలా చూపు తిప్పుతూ పోతే ఏదో ఒక దిక్కున చూసినప్పుడు ముఖం తేటగా వస్తుంది. ఆ దిక్కు గుర్తుపెట్టుకుని రోజుకు రెండు మూడు సార్లు పావుగంట చొప్పున సాధన చేయాలి. చదివేటప్పుడు చూపును అక్కడే నిలిపి కాగితాన్ని ఎడమకు జరపడం తేలిక.

ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ మొదట అక్షరాల సైజు పెంచుతారు, తర్వాత తెర మొత్తాన్ని జూమ్ చేస్తారు. నాలుగైదు రెట్లు దాటాక తెరలో పదహారో వంతో, ఇంకా తక్కువో ఒకేసారి కనిపిస్తుంది, ఎక్కడున్నామో తెలియక వెతుక్కోవడానికే సమయం పోతుంది. ఆ హద్దు దగ్గర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు మారడం ఓటమి కాదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఇందుకే ఉన్నాయి. పొడవైనది చెవితో, చిట్టీ పొట్టీ కంటితో అని పంచుకునేవాళ్లు రోజు చివరికి తక్కువ అలసిపోతారు. చూపు కొంత మిగిలి ఉన్నప్పుడే నేర్చుకుంటే బటన్లు ఎక్కడున్నాయో చూస్తూ నేర్చుకోవచ్చు.

చూపు బాగా తగ్గాక కొందరికి లేనివి కనిపిస్తాయి. గోడ మీద గళ్లు, పూల అల్లికలు, చిన్న చిన్న మనుషులు, జంతువులు. శబ్దం ఉండదు, అవి నిజం కావని చూసేవాళ్లకూ తెలుసు. 1760లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త షార్ల్ బొనే తన తాతకు కనిపించినవి రాశాడు కాబట్టి దీనికి ఆయన పేరే పెట్టారు. కంటి నుంచి సమాచారం తగ్గిన మెదడు ఖాళీని తానే నింపుకోవడం ఇది, మతిభ్రమణం కాదు. మతి పోతోందని అనుకుంటారేమోనని చాలామంది ఇంట్లో కూడా చెప్పరు. గదిలో దీపం వేయడం, తల కదపకుండా కళ్లను అటూ ఇటూ కొన్నిసార్లు గబగబా తిప్పడం, లేచి మరో గదిలోకి నడవడం వంటి వాటితో బొమ్మ చెదిరిపోవచ్చు. శబ్దాలు కూడా వినిపిస్తున్నా, కనిపించేవి నిజమేనని నమ్ముతున్నా అది వేరే సంగతి, వేరే వైద్యుడికి చూపించాలి. చూపు తక్కువున్న పెద్దవాళ్లను పరీక్షించేటప్పుడు ‘కొందరికి లేనివి కనిపిస్తుంటాయి, మీకూ అలా ఉందా?’ అని పరీక్షించేవాళ్లే ముందు అడగాలి. అలా అడిగితే తప్ప ఈ సంగతి చీటీలోకి ఎక్కదు.